ఎవరు వెళ్లారో చెప్పండి, ఎందుకో అడగం
(హనుమకొండలో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, వెనక వరుసల్లో గిటార్ బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఇద్దరు రాక్ అభిమానులు కలిస్తే పాటల కంటే ముందు వచ్చే మాట, "ఆ బ్యాండ్‌లో ఏదో నడుస్తోందట." 2025 మే నెలలో అమెరికా రాక్ బ్యాండ్ ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ జోష్ ఫ్రీజ్, తనను బ్యాండ్ తీసేసిందని తనే బయటపెట్టాడు. కారణం తనకూ చెప్పలేదన్నాడు. 2022 మార్చిలో ఆ బ్యాండ్ పాత డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ చనిపోయాక, అంత దుఃఖం మధ్య ఆ డ్రమ్స్ వెనక కూర్చోవడానికి ఒప్పుకున్న మనిషి అతను. కొద్ది నెలల్లోనే నైన్ ఇంచ్ నెయిల్స్ అనే మరో బ్యాండ్ నుంచి డ్రమ్మర్ ఇలాన్ రూబిన్ ఇటు వచ్చాడు, ఫ్రీజ్ అటు వెళ్లాడు. ఈ మధ్యకాలంలో అభిమానులు అల్లని కథ లేదు.

అల్లినందుకు వాళ్లను నేను తప్పుపట్టను. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు వింటూ పెరిగినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. దెబ్బ పడే తీరును బట్టే వాయించేది ఎవరో తెలిసిపోతుంది. చెయ్యి మారితే చెవి ఊరుకోదు, అడుగుతుంది. అడగాలి కూడా.

కానీ ఎంతవరకు అడగాలి? ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ సంగతి చూడండి. 1988లో అమెరికా టూర్ జరుగుతుండగా రిథమ్ గిటారిస్ట్ మాల్కం యంగ్ తాగుడు మానడానికి పక్కకు తప్పుకున్నాడు. అన్న కొడుకు స్టీవీ యంగ్ వచ్చి వాయించాడు. పోలికలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, చూసినవాళ్లలో చాలామంది మనిషి మారాడని గుర్తే పట్టలేదు. మళ్లీ 2014 ఏప్రిల్‌లో, అనారోగ్యం వల్ల మాల్కం విరామం తీసుకుంటున్నాడని మాత్రమే బ్యాండ్ చెప్పింది. పుకార్లు అప్పటికే నడుస్తున్నాయి. బ్యాండ్ విడిపోతోందని కొందరు, ఇంకేదో జబ్బని కొందరు. సెప్టెంబర్‌లో ఇంటివాళ్లే చెప్పారు, అది మతిమరుపు వ్యాధి అని. అంతకు ముందు బ్లాక్ ఐస్ టూర్‌లోనే, తను కట్టిన రిఫ్‌లను, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుసలను, తనే మళ్లీ నేర్చుకుని స్టేజీ ఎక్కేవాడట. ఒక్కసారి ఊహించుకోండి. దశాబ్దాలుగా వేళ్లకు అలవాటైన వరుసను, షోకు ముందు కొత్త పిల్లాడిలా కూర్చుని సాధన చేయడం! ఆ విషయం ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ కుటుంబానిదే. ఆ ఐదు నెలల మౌనాన్ని నేను గౌరవిస్తాను.

అయితే ఆ మౌనంలోనూ బ్యాండ్ ఒక మాట దాచలేదు. మాల్కం పక్కకు వెళ్లాడని చెప్పింది, ఎందుకన్నది మాత్రం దాచుకుంది. ఎవరు వెళ్లారన్నది వినేవాళ్లకు చెప్పాల్సిన మాట. ఎందుకు వెళ్లారన్నది వెళ్లినవాళ్ల సొంత మాట. మనం ఈ రెండింటినీ కలిపేసి గొడవ చేసుకుంటున్నాం.

మన దగ్గర కాలేజీ ఫెస్టుల్లో వాయించే ఒక బ్యాండ్ ఉంది, పేరు వద్దు. కొత్త పోస్టర్‌లో కీబోర్డు వాయించే అమ్మాయి లేదు. కుర్రాళ్లు ఫోన్‌లో పోస్టర్‌ను పెద్దది చేసి, అంచున ఎవరి భుజమో కత్తిరించినట్టుందని వేలు పెట్టి చూపించుకున్నారు. ఎవరు ఎవర్ని అన్‌ఫాలో చేశారో వెతికారు. సాయంత్రానికల్లా ప్రేమ వ్యవహారమన్నారు, మర్నాటికి డబ్బుల తగాదా అన్నారు. బ్యాండ్‌వాళ్లు నోరు విప్పలేదు. ఆ అమ్మాయి ఇంటి పరిస్థితి నాకు కొంత తెలుసు. ఇక్కడ చెప్పను. నాకు బాధ కలిగించింది వేరే. వాళ్లు ఇప్పటికీ వాయించే పాటలో మొదట వచ్చే కీబోర్డు మెలిక ఆమె కట్టిందే. ఆమె పేరు ఎక్కడా లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పుకార్లలో సగం పుట్టేవే కావు, ఆమె టెన్షన్ పడేదీ కాదు.

2024 సెప్టెంబర్‌లో అమెరికా బ్యాండ్ లింకిన్ పార్క్ ఈ పని బాగా చేసిందని నా అభిప్రాయం. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ పోయిన ఏడేళ్లకు కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ముందుకొచ్చారు. పాత డ్రమ్మర్ రాబ్ బూర్డన్ ఎందుకు లేడంటే, కొంత దూరంగా ఉండాలని అతనే కోరుకున్నాడని బ్యాండ్ సభ్యుడు మైక్ షినోడా చెప్పాడు. అంతే. గిటారిస్ట్ బ్రాడ్ డెల్సన్ బ్యాండ్‌లోనే ఉన్నాడు గానీ టూర్లకు రాడని, స్టేజీ మీద అలెక్స్ ఫెడర్ వాయిస్తాడని కూడా చెప్పారు. ఎమిలీ మీద వాదనలు ఎన్ని నడిచినా, ఎవరు ఏం వాయిస్తున్నారన్న దాంట్లో అయోమయం లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది బీటిల్స్ పాత డ్రమ్మర్ పీట్ బెస్ట్ కథ. 1962 ఆగస్టులో బీటిల్స్ అతన్ని తీసేసినప్పుడు, ఆ మాట చెప్పింది మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్. తోటివాళ్లు ముఖాముఖి ఒక్కమాటా అనలేదు. లివర్‌పూల్‌లో అభిమానులు అతని బదులు వచ్చిన రింగో వద్దని కేకలు వేశారు, గొడవలో బ్యాండ్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ కన్ను కమిలింది. పీట్ వాయించిన పాత రికార్డింగులు 1995లో ఆంథాలజీ అనే బీటిల్స్ పాటల సంకలనంలో వచ్చాకే అతనికి వాటి రాయల్టీ అందింది. ముప్ఫై మూడేళ్లు పట్టింది.

అందుకే ఇక్కడున్న బ్యాండ్‌వాళ్లకు నాదొక కోరిక. వచ్చే షోలో స్టేజీ మీద సభ్యులను పరిచయం చేసేటప్పుడు, వెళ్లిపోయినవాళ్ల పేరు కూడా చదవండి. ఏ పాటలో ఏ భాగం వాళ్లదో చెప్పండి. కింద నుంచి ఎవరైనా "ఎందుకు పోయారన్నా?" అని అరిస్తే, తర్వాతి పాట మొదలుపెట్టండి.