పది లెక్కపెట్టేదాకా కదలొద్దు

అందరికీ నమస్కారం.

నేను మొట్టమొదట వీడియో తీసింది మా పిన్ని కూతురి పెళ్లికి. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి, మండపం అంతా చూపిద్దామని ఫోన్ కుడి నుంచి ఎడమకు తిప్పాను. పురోహితుడు, మేనమామలు, సన్నాయి వాళ్లు, మళ్లీ పురోహితుడు. ఇంటికొచ్చి చూసుకుంటే ఊరంతా ఉంది, జీలకర్ర బెల్లం లేదు. మా పిన్ని ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అందుకే చెబుతున్నా, రికార్డు నొక్కాక మనసులో పది లెక్కపెట్టండి. అప్పటిదాకా కదలొద్దు. మోచేతులు డొక్కలకు ఆనించి, వీపు ఏ స్తంభానికో చేరేస్తే ట్రైపాడ్ లేకపోయినా బొమ్మ పెద్దగా వణకదు. వేళ్లతో సాగదీసే జూమ్ చాలాసార్లు ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది. దానికంటే రెండడుగులు ముందుకు వేయడం నయం.

ఇక ఫ్రేము, అంటే తెరలో ఏది ఎక్కడ ఉండాలన్నది. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు వస్తాయి. మనిషి కళ్లు పై అడ్డగీత దగ్గర పెట్టండి, తల పైన ఎంత ఖాళీ వదలాలన్న టెన్షన్ చాలావరకు పోతుంది. పక్కకు చూస్తూ మాట్లాడే మనిషికి ఆ చూసేవైపు జాగా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. ఇదేమీ శాసనం కాదు లెండి. గుడిలో మూలవిరాట్టును నేను నట్టనడుమే పెడతాను.

కిందటేడు ఆత్రేయపురంలో ఒకావిడ పూతరేకులు తీస్తుంటే షూట్ చేశాను. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పూతరేకులే. బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగితే, క్షణంలో రేకు తేలుతుంది. ముందు దూరం నుంచి ఆవిడ, కుండ, పొగ, పక్కన రేకుల దొంతర తీశాను. తర్వాత నడుము నుంచి పైకి. ఆ తర్వాత చేతులు మాత్రమే. ఈ మూడూ చేతిలో ఉంటే ఎడిటింగ్‌లో ఎక్కడైనా కోసి అతకొచ్చు.

చిక్కల్లా వెలుతురుతో వచ్చింది. తెల్లగుడ్డ పడగానే ఫోన్ బొమ్మను చీకటి చేసేది, గుడ్డ తీయగానే నల్లకుండను చూసి వెలుతురు పెంచేసేది. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేశాక కుదుటపడింది. అయినా రేకు పల్చదనం తెలియడం లేదు, తెల్లకాగితంలాగే ఉంది. లేచి ఆవిడకు అటువైపు వెళ్లి, గుమ్మంలోంచి వచ్చే ఎండ రేకు వెనక పడేలా కూర్చున్నాను. ఆవిడ రేకు ఎత్తింది. అందులోంచి ఆవిడ వేళ్లు కనిపించాయి.

మనిషి ముఖానికి ఇలా వెనక నుంచి వచ్చే వెలుతురు పనికిరాదు, ముఖం నల్లబడుతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ట్యూబ్‌లైటు కింద చారలు పాకుతుంటే ప్రో మోడ్‌లో, అంటే సెట్టింగ్స్ మనమే మార్చుకునే చోట, షటర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభైసార్లు ఊగుతుంది కాబట్టి, లైటు మినుకుతో షటర్ కలుస్తుంది.

ఇంకొక్కటి. తలంబ్రాలప్పుడు వధూవరులు ఎదురెదురుగా ఉంటారు కదా. వాళ్లిద్దరినీ కలుపుతూ ఒక గీత ఊహించుకుని, దానికి ఒకే పక్కన ఉండి తీయండి. అమ్మాయిని ఈ పక్క నుంచి, అబ్బాయిని ఆ పక్క నుంచి క్లోజప్ తీస్తే, తెర మీద ఇద్దరూ ఒకేవైపు చూస్తూ మూడో మనిషి మీద బియ్యం పోస్తున్నట్టుంటుంది.

సరే, ఫోన్లు తీయండి. ముందు లెన్సు మెత్తటి గుడ్డతో తుడవండి, సగం మసక వేలిముద్రలదే. గేటు బయట టీ బండి ఉంది. ఆయన్ను అడిగి, టీ పోయడాన్ని మూడు షాట్లలో తీసుకురండి. ఒక్కో షాట్‌కు పది లెక్క. టీ డబ్బులు నేనిస్తాను.