ఉత్తరాది మైదానాల చలి: కనిష్ఠంతో పాటు గరిష్ఠాన్నీ చూడాలి

వ్యాఖ్యాత: నమస్కారం. పంజాబ్ నుంచి బీహార్ దాకా పరచుకున్న మైదానాల్లో చలికాలాన్ని ఎలా అంచనా వేస్తారు, ఆ అంచనాను మనం ఎలా చదువుకోవాలి అన్నది నేటి చర్చ. వాతావరణ శాస్త్రవేత్త ఒకరు, గోధుమ పంటపై పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఒకరు, లోకో పైలట్‌గా పదవీ విరమణ చేసిన మిత్రులొకరు మనతో ఉన్నారు. సార్, మీతోనే మొదలుపెడతాను. భారత వాతావరణ శాఖ డిసెంబరు మొదట్లో ఫిబ్రవరి వరకు అంచనా ఇస్తుంది. కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా ఉండవచ్చని అందులో ఉంటే, ఈసారి చలి లేనట్టేనని అనుకోవచ్చా?

వాతావరణ శాస్త్రవేత్త: అనుకోకూడదండీ. ఆ అంచనా మూడు నెలల సగటు ఎటు మొగ్గే అవకాశం ఎక్కువో చెబుతుందే తప్ప, ఏ వారం ఎంత చలి ఉంటుందో చెప్పదు. 2023–24 చలికాలమే చూడండి. అది ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కిన ఏడాది. చలి తక్కువగా ఉంటుందన్నదే ముందస్తు అంచనా. తీరా 2024 జనవరిలో ఢిల్లీ సగటు పగటి ఉష్ణోగ్రత పదమూడేళ్లలో ఎన్నడూ లేనంతగా పడిపోయింది. అంతకుముందు, అదే సముద్రపు నీరు మామూలు కన్నా చల్లబడే లా నినా లేని 2019 డిసెంబరు 30న ఢిల్లీలో గరిష్ఠ ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలు. రికార్డులు మొదలైన 1901 నుంచి అప్పటివరకు డిసెంబరులో అంత చల్లని పగలు లేదు. లా నినా ఉంటే ఉత్తరాదిన చలి పెరిగే మొగ్గు ఉన్న మాట నిజమే కానీ, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని చలికాలం మొత్తాన్ని తేల్చలేం.

వ్యాఖ్యాత: రాత్రి ఉష్ణోగ్రత మరీ పడిపోకుండానే పగలు అంత చల్లగా ఎందుకుంటుంది?

వాతావరణ శాస్త్రవేత్త: మూలం పొగమంచులో ఉంది. కాలువలతో, తడిపిన పొలాలతో నేల చెమ్మగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి ఆ నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ పొగమంచుగా మారుతుంది. గాలిలోని ధూళి, పొగ రేణువులు దానికి ఊతమిస్తాయి. పైన వెచ్చని గాలి మూతలా ఉండటంతో అది కదలదు. పొద్దెక్కాక విడిపోవలసింది పోయి, ఒక్కోసారి కాస్త పైకి లేచి తక్కువ ఎత్తులో మబ్బుగా నిలుస్తుంది. ఎండ నేలకు తగలదు, నేల వేడెక్కదు. అదే మబ్బు రాత్రి దుప్పటిలా కప్పడంతో కనిష్ఠం మరీ పడిపోదు. పట్టికలో కనిష్ఠం 8 అని చూసి ఫరవాలేదనుకుంటాం. మధ్యాహ్నం 13 దాటకపోతే రిక్షా తొక్కే మనిషికి రోజంతా ఒంట్లో వణుకే. అందుకే శీతల గాలులకు, శీతల దినానికి వేర్వేరు కొలతలు పెట్టారు. మైదానాల్లో కనిష్ఠం 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువైతే శీతల గాలులు. కనిష్ఠం 10 లేదా తక్కువగా ఉండి, గరిష్ఠం సాధారణం కన్నా 4.5 డిగ్రీలు, అంతకు మించి తగ్గితే శీతల దినం.

వ్యాఖ్యాత: మేడమ్, రైతులు ఈ చలిని కోరుకుంటారని విన్నాను.

వ్యవసాయ శాస్త్రవేత్త: గోధుమ రైతులు తప్పకుండా కోరుకుంటారండీ. డిసెంబరు, జనవరిలో చల్లగా ఉంటేనే పిలకలు బాగా వేస్తుంది. విత్తిన మూడు వారాలకు తొలి తడి ఇచ్చాక, పశ్చిమ అలజడులు తెచ్చే జల్లు ఒకటి పడితే ఆ మేరకు మోటారు ఖర్చు మిగులుతుంది. మధ్యధరా ప్రాంతం వైపు పుట్టి పడమటి గాలుల వెంట వచ్చే ఈ అలజడులు 2024 జనవరిలో బలహీనపడ్డాయి; వాయవ్య భారతంలో వాన దాదాపు లేదు. అయితే నాకు చలికన్నా చివర్లో వచ్చే వేడి అంటేనే భయం. 2022 మార్చి ఎండలకు గింజ పాలు పోసుకునే దశలోనే ఎండి నొక్కులు పడింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిలిపివేయడానికి ఆ దిగుబడి నష్టం ఒక కారణం. కాబట్టి చలికాలపు అంచనాలో గోధుమ రైతు ఫిబ్రవరి భాగాన్ని శ్రద్ధగా చూడాలి. బంగాళాదుంప సంగతి వేరు. మబ్బు పట్టి, తేమ వదలని రోజుల్లో ఆకు అంచున నీళ్లలో నానినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే, ఉదయాన్నే ఆకు తిప్పి చూడాలి. అడుగున తెల్లని బూజు ఉంటే అది ఆకుమాడు తెగులే; ఇక మందు కొట్టడానికి ఒక్క రోజు కూడా ఆగకూడదు.

వ్యాఖ్యాత: హైదరాబాద్‌లో చక్కగా ఎండ కాస్తుంటే, ఢిల్లీ రైలు గంటల తరబడి ఆలస్యమని ప్రకటిస్తారు. ఎందుకంటారు?

విశ్రాంత లోకో పైలట్: అటునుంచి ఆలస్యంగా వచ్చిన పెట్టెలే తిరిగి ఇటునుంచి బయలుదేరాలి కదండీ. పొగమంచులో సిగ్నల్ స్తంభం పక్కకు వచ్చేదాకా దీపం కనిపించదు. ముందు సిగ్నల్ ఉందని తెలియడానికి పట్టాలకు డిటొనేటర్లు కట్టేవారు. చక్రం కింద అవి పేలిన చప్పుడు వినగానే చెయ్యి బ్రేకు మీదకు పోయేది. సిగ్నల్‌కు ముందు స్లీపర్ల మీద సున్నంతో గీతలు కూడా వేస్తారు. తర్వాత జీపీఎస్‌తో పనిచేసే పరికరం వచ్చింది. సిగ్నల్ ఎంత దూరంలో ఉందో ముందే చెబుతుంది. అది ఉన్నా గంటకు 75 కిలోమీటర్లు దాటనివ్వరు. ఆలస్యమైందని జనం తిట్టుకుంటారు గానీ, ఆ నెమ్మదే వాళ్ల ప్రాణాలు కాపాడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాఖ్యాత: ఆ చలి మన దాకా ఎలా వస్తుంది సార్?

వాతావరణ శాస్త్రవేత్త: ఒక పశ్చిమ అలజడి దాటిపోయాక, మంచు పడిన హిమాలయాల వైపు నుంచి పొడి గాలులు దిగువకు వీస్తాయి. మధ్య భారతం మీదుగా అవి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాలను ముందుగా తాకుతాయి. అక్కడ కనిష్ఠం 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఇంకొక్క మాట, ఢిల్లీలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. చిన్న గదిలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వ్యాఖ్యాత: రేపటి బులెటిన్‌లో మా ప్రేక్షకులు ముందు ఏం చూడాలి?

వాతావరణ శాస్త్రవేత్త: గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కన్నా ఎంత తక్కువో చూడండి. ఆ పక్కనే దృశ్యమానత 50 మీటర్ల లోపు ఉంటుందని రాసి ఉంటే, తెల్లవారుజామున కారు బయటికి తీయకండి.