రేసులో మోసం: ఏ తప్పుకు ఎంత శిక్ష?

నమస్తే అండి. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్ మీద ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా. గీత దాటిన వరస చూస్తే జాన్ ఎరిక్ వెర్న్ ఫస్టు, నిక్ కాసిడీ సెకండు, సెబాస్టియన్ బ్యూమీ థర్డు. ఇప్పుడు రికార్డు తీసి చూడండి, బ్యూమీ 15వ స్థానంలో ఉంటాడు. మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు వెళ్లింది, అదీ అతని వందో రేసులో. కారణం ఓవర్‌పవర్, అంటే అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడటం. ఆ తరం కార్లకు రేసులో 300 కిలోవాట్లే అనుమతి, కాసేపు అదనపు పవర్ వాడుకోనిచ్చే అటాక్ మోడ్‌లో ఉన్నప్పుడు మాత్రం 350. కారు ఎంత లాగిందో సెన్సర్లు రాసుకుంటూనే ఉంటాయి. బ్యూమీ కారు హద్దు దాటింది, 17 సెకన్లు కలిపారు, కిందికి జారిపోయాడు.

కావాలని చేశాడా, పొరపాటా? ఆ ప్రశ్నే అక్కర్లేదు. ఈరోజు చెప్పదలుచుకున్న విషయం కూడా ఇదే. రేసింగ్‌లో తప్పు దొరికినప్పుడు తీర్పులు రెండు ఉండాలి, రెండూ వేరువేరుగా ఉండాలి. ఒకటి రిజల్టు మీద. కారు రూలుకు లోబడి ఉందా లేదా, అంతే చూడాలి, మనసులో ఏముందో చూడకూడదు. రెండోది మనుషుల మీద. ఎవరికి తెలుసు, ఎవరు చేయించారు అన్నది అక్కడ తేల్చాలి, దానికి సాక్ష్యం కావాలి, విచారణ కావాలి. ఈ రెండింటినీ కలిపేసిన ప్రతిసారీ అన్యాయమే జరిగింది.

అదే డా కోస్టా 2024 ఏప్రిల్‌లో ఇటలీలోని మిసానోలో ఫార్ములా ఈ రేసు గెలిచాడు. తనిఖీలో యాక్సిలరేటర్ పెడల్ దగ్గరుండే ఒక చిన్న స్ప్రింగు, ఆమోదించిన పార్టుల జాబితాలో లేనిది దొరికింది. దానివల్ల స్పీడేమీ పెరగలేదని అతని టీమ్ పోర్షే వాదించింది. అయినా గెలుపు పోయింది, ఆలివర్ రోలండ్‌కు దక్కింది. ఇది కఠినంగా అనిపిస్తుంది, నిజమే. కానీ లాభం కలిగిందా లేదా అని కొలవడం మొదలుపెడితే ప్రతి టీమూ పాతిక మంది ఇంజినీర్లతో వచ్చి "లాభం లేదు" అని రుజువు చేస్తుంది. అదే ఏడాది బెల్జియంలోని స్పా ట్రాకులో ఫార్ములా వన్ రేసులో ముందుగా గీత దాటిన జార్జ్ రసెల్ సంగతి చూడండి. అప్పట్లో ఇంధనం లేకుండా కారు కనీస బరువు 798 కిలోలు ఉండాలి. రేసయ్యాక కారు సరిగ్గా 798 తూగింది. తర్వాత 2.8 లీటర్ల ఇంధనం తీసి మళ్లీ తూకం వేస్తే 796.5. కిలోన్నర తక్కువ, గెలుపు రెండో స్థానంలో వచ్చిన హామిల్టన్‌కు. టైర్లు మార్చుకోవడానికి ఆగే పిట్ స్టాప్ ఒకే ఒక్కటితో లాగించాడు కాబట్టి టైర్లు బాగా అరిగి బరువు తగ్గి ఉండొచ్చు. పైగా మిగతా ట్రాకుల్లో రేసయ్యాక నెమ్మదిగా ఇంకో రౌండు తిరుగుతూ, రోడ్డు మీద పడున్న రబ్బరు ముక్కలను టైర్లకు అంటించుకుని వస్తారు. స్పాలో ఆ చివరి రౌండు పూర్తిగా ఉండదు. రసెల్ మోసగాడని ఎవరూ అనలేదు, బ్యాన్ చేయలేదు. రిజల్టు మాత్రం పోయింది. నా లెక్కలో ఇది సరైన తీర్పు.

ఇప్పుడు అసలైన మోసం ఎలా ఉంటుందో చూద్దాం. 1995, స్పెయిన్‌లో ర్యాలీ కాటలున్యా అనే రేసు, టొయోటా సెలికా కారు. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోకు గాలి వెళ్లే దారిలో రెస్ట్రిక్టర్ అనే రింగు పెట్టాలి, రంధ్రం 34 మిల్లీమీటర్లు. ఆ సన్నటి చోట గాలి ధ్వని వేగాన్ని అందుకుందంటే, ఇక టర్బో ఎంత లాగినా అంతకుమించి రాదు. పవర్‌కు అదే తాళం. సెలికాలో ఆ రింగు కొలత ఎవరు చూసినా సరిపోయేది. మోసం రింగులో లేదు, దాన్ని పట్టి ఉంచే అమరికలో ఉంది. బిగించేటప్పుడు ప్రత్యేకంగా చేయించిన పనిముట్టుతో లాగితే లోపలి స్ప్రింగులు నొక్కుకుపోయి, రింగు టర్బో నుంచి 5 మిల్లీమీటర్ల దాకా పక్కకు జరిగేది. ఆ సందులోంచి, రింగుతో పని లేకుండా, గాలి లోపలికి దూరేది. తనిఖీకి పైపు క్లిప్పు ఊడదీయగానే స్ప్రింగులు తన్ని రింగు మళ్లీ సందు మూసేసేది. ఇన్‌స్పెక్టర్ చూసేసరికి అంతా సవ్యంగానే ఉండేది. రేసింగ్‌కు రూళ్లు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ అంచనా ప్రకారం 25 శాతం ఎక్కువ గాలి, దాదాపు 50 హార్స్‌పవర్.

దీన్ని పొరపాటు అనడానికి వీల్లేదు. పనిముట్టు తయారుచేయించారంటే డ్రాయింగ్ గీసినవాడు ఉన్నాడు, డబ్బు మంజూరు చేసినవాడూ ఉన్నాడు. ఆ సీజన్ పాయింట్లన్నీ పోయాయి, టీమ్‌పై 12 నెలల నిషేధం. డ్రైవర్ల పాయింట్లు కూడా పోయాయి. ఇక్కడ చాలామంది జాలిపడతారు. డ్రైవర్‌కు తెలియకపోయినా ఆ 50 హార్స్‌పవర్ మీద కూర్చుని గెలిచిన పాయింట్లు అతనివి ఎలా అవుతాయి? నిషేధం మాత్రం తెలిసి చేసినవాళ్లకే పడాలి.

మరి జరిమానాల సంగతి? డబ్బున్న టీమ్‌కు జరిమానా అంటే చలానా కట్టినట్టే. 2023లో పోర్ట్‌ల్యాండ్‌లో డీఎస్ పెన్స్‌కీ, అంటే మన దగ్గర గెలిచిన వెర్న్ టీమే, కార్లు టీమ్‌ల దగ్గరికి వచ్చే దారి, అంటే పిట్ లేన్ మొదట్లో స్కానర్ పెట్టింది. ప్రతి టైర్‌లో దూరం నుంచే చదవగలిగే ఆర్ఎఫ్ఐడీ చిప్ ఉంటుంది, అందరి కార్ల సమాచారమూ ఆ స్కానర్ పట్టేసుకుంటుంది. 25,000 యూరోలు వేశారు. అదొక్కటే అయితే టీమ్‌కు లెక్కే కాదు. ఇద్దరు డ్రైవర్లూ పిట్ లేన్ నుంచి రేసు మొదలుపెట్టాలన్నారు చూడండి, దెబ్బ తగిలింది అక్కడ. ఫార్ములా వన్ టీమ్ రెడ్ బుల్ 2021 ఖర్చు పరిమితి దాటినప్పుడు కూడా 70 లక్షల డాలర్ల జరిమానా గురించే అందరూ మాట్లాడారు. పని చేసే శిక్ష రెండోది: కారు మీద గాలి ప్రభావాన్ని పరీక్షించే ఏరోడైనమిక్ టెస్టింగ్ సమయంలో 10 శాతం కోత. అతిగా ఖర్చుపెట్టి కొన్నది డెవలప్‌మెంట్ కాబట్టి కోత పడాల్సిందీ డెవలప్‌మెంట్‌లోనే. 10 సరిపోతుందా అంటే నాకు తక్కువే అనిపిస్తుంది. ఎంత దాటితే ఎంత కోత అన్న పట్టిక ముందే రాసి ఉండాలి, తప్పు దొరికాక కూర్చుని బేరమాడటం కాదు.

రిజల్టు మీద తీర్పు విషయంలో అమెరికా కార్ రేసుల సంస్థ నాస్కార్‌ను మెచ్చుకోవాలి. 2019 దాకా అక్కడ గెలిచిన కారులో తప్పు దొరికినా కప్పు వాళ్లదే, శిక్ష వారం మధ్యలో ప్రకటించేవాళ్లు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటాం, అక్కడ దొరికినా దొరే. ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చారు. 2022లో పోకోనోలో డెనీ హామ్లిన్ ఫస్టు, కైల్ బుష్ సెకండు, ఇద్దరినీ తీసేశారు. ముందు బంపర్ మూలల్లో, స్టిక్కర్ కింద, ఒక్కో టేపు ముక్క: 2 అంగుళాల వెడల్పు, ఐదున్నర అంగుళాల పొడవు, మందం 0.3 మిల్లీమీటర్లు. ఒక్క ల్యాప్ కూడా ముందు లేని చేజ్ ఎలియట్ విజేత అయ్యాడు. 1960 తర్వాత నాస్కార్ పెద్ద పోటీ అయిన కప్ సిరీస్‌లో గెలిచినవాడి గెలుపు పోవడం అదే మొదలు.

దీనికి పూర్తి వ్యతిరేకం 2008 సింగపూర్ ఫార్ములా వన్ రేసు. 15వ స్థానంలో మొదలైన రెనో టీమ్ డ్రైవర్ అలొన్సో 12వ ల్యాప్‌లోనే పిట్‌కు వచ్చాడు. వెంటనే అతని టీమ్‌మేట్ నెల్సన్ పికే జూనియర్ 17వ మలుపులో, క్రేన్ లేని చోట, కావాలని గోడకు గుద్దాడు. ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది, ముందే పిట్‌కు వెళ్లొచ్చిన అలొన్సోకు అది కలిసొచ్చింది, గెలిచాడు. బయటపడింది 2009లో. రెనో టీమ్ బాస్ బ్రియాటోరేకు జీవితకాలపు నిషేధంలాంటిది, ఇంజినీరింగ్ పెద్ద పాట్ సైమండ్స్‌కు ఐదేళ్లు. 2010 జనవరిలో పారిస్ కోర్టు రెండింటినీ కొట్టేసింది, విచారణ పద్ధతి సరిగా లేదని. రెనోకు పడింది సస్పెండెడ్ శిక్ష, అంటే మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేది. గెలుపు ఇప్పటికీ అలొన్సో పేరు మీదే ఉంది. అతనికి కుట్ర తెలియదని తేలింది, బాగానే ఉంది, అది మనుషుల మీద తీర్పు. రిజల్టు మీద తీర్పు ఏది?

ఆ ఏడాది టైటిల్ కోసం పోటీపడిన ఫెరారీ డ్రైవర్ ఫెలిపె మాసా దీని మీద 2024లో లండన్ హైకోర్టుకు వెళ్లాడు. 2008 టైటిల్ 98కి 97, ఒక్క పాయింట్‌తో హామిల్టన్‌కు పోయింది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. రేసు మొత్తం రద్దు చేస్తే మూడో స్థానంలో వచ్చిన హామిల్టన్‌కు 6 పాయింట్లు తగ్గి 92 అవుతాయి, 13వ స్థానంలో వచ్చిన మాసాకు పోయేదేం లేదు, ఛాంపియన్ మాసానే. అలా కాకుండా అలొన్సో ఫలితాన్ని మాత్రమే కొట్టేస్తే హామిల్టన్ రెండో స్థానానికి ఎక్కుతాడు, 8 పాయింట్లు వస్తాయి, మొత్తం 100. రెండో పద్ధతే సరైనది అంటాను నేను. ఆ రేసులో మాసాను వెనక్కి నెట్టింది పిట్‌లో ఇంధనం పైపుతో సహా కదిలిపోవడం, అది అతని టీమ్ చేతుల్లో జరిగిన పని, రెనో చేసింది కాదు. తప్పు చేసిన టీమ్ వరస కొట్టేసి, మిగతావాళ్లను ఒక్కో మెట్టు పైకి జరిపితే రెండో స్థానంలో వచ్చిన నికో రోస్‌బర్గ్ గెలిచినట్టు, హామిల్టన్ రెండు, ఛాంపియన్ మారడు. 2009లోనే, విచారణ ముగిసిన రోజే, ఎఫ్ఐఏ చేసి ఉండాల్సింది ఇదే.