కండ పెంచకుండా బలం పెంచడం: ఐదు సెట్ల మధ్య నాలుగు మాటలు

నమస్కారమండీ. ఈ రోజు నేను ఐదు సెట్లు డెడ్‌లిఫ్ట్ చేస్తాను, అంటే నేల మీదున్న బార్‌ని పట్టుకుని నిలబడేదాకా లేపడం. సెట్టుకి మూడే రెప్స్, అంటే వరసగా మూడుసార్లే లేపడం. ఒక్కో సెట్టు తర్వాత మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. చెప్పాల్సినవన్నీ ఆ ఖాళీలో చెప్పేస్తా. బార్ మీద 110 కిలోలున్నాయి. నా బరువు 64. మూడేళ్ళ కిందట మొదలుపెట్టినప్పుడు నేను 63 ఉండేవాణ్ణి, 60 కిలోలు లేపడానికే ఆపసోపాలు పడేవాణ్ణి. చొక్కా సైజు అప్పుడూ 38, ఇప్పుడూ 38.

సరే, మొదటి సెట్టు. ఒకటి... రెండు... మూడు. పెట్టేశా.

చూశారా, ఆయాసం లేదు, చేతులు వణకట్లేదు. ఇంకో రెండు మూడు రెప్స్ వచ్చేవే. అయినా ఆపేశా. జిమ్ముకెళ్ళిన కొత్తలో మనకి దీనికి సరిగ్గా ఉల్టా నేర్పుతారు. పక్కన ఒకడు నిలబడి "ఇంకొక్కటి బ్రో, ఇంకొక్కటి" అని అరుస్తుంటాడు, మనం మొహం ఎర్రబడేదాకా లాగుతుంటాం. కండ పెంచాలనుకునేవాళ్ళకి ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఎక్కువ సెట్లు, ఎక్కువ రెప్స్, దాని మీద మిగులు తిండి... ఈ మూడూ కలిస్తే ఒళ్ళు పెరుగుతుంది. మనకి ఇప్పుడు కావాల్సింది అది కాదు కాబట్టి మూడింటినీ తగ్గిస్తున్నాం. బార్ మీద బరువు మాత్రం తగ్గించట్లేదు.

మరి కండ పెరగకుండా బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊళ్ళో రథం లాగడం చూసే ఉంటారు. తాడు పట్టుకున్నవాళ్ళు రెండొందల మంది ఉన్నా, ఎవడికి తోచినప్పుడు వాడు లాగితే చక్రం కదలదు. ఒక్క కేకకి అందరూ ఒకేసారి లాగితే కదులుతుంది. కొత్తగా ఒక్క మనిషి కూడా రాలేదు కదా? మన కండలోనూ అంతే. పోగులు గుంపులు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకి ఒక్కో నరం. మెదడు ముందు చిన్న గుంపుల్ని పిలుస్తుంది. పని బరువైతేనే పెద్ద గుంపుల్ని లేపుతుంది. అలవాటు లేని ఒంట్లో ఆ పెద్దవి అన్నీ లేవవు, లేచినా ఒకే ఊపులో లాగవు. బరువైన సెట్లతో మనం నేర్పేది ఆ ఊపు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి మొదటి కొన్ని వారాల్లో బరువులు గబగబా పెరుగుతాయి, టేపు పెట్టి కొలిస్తే చెయ్యి మాత్రం అంతే ఉంటుంది. ఇందుకే.

నమ్మకం కుదరట్లేదా? ఒక చేతికి కట్టు కట్టారనుకోండి. రెండో చేతితో బరువైన వ్యాయామం చేస్తూ ఉంటే, కట్టులో కదలకుండా ఉన్న చేతికి కూడా కొంత బలం అందుతుంది. ఫిజియోథెరపీలో దీన్ని వాడుకుంటారు కూడా. ఆ చెయ్యి ఏ పనీ చెయ్యలేదు, మరి నేర్చుకున్నదెవరు? మెదడూ నరాలూ.

టైమయింది. రెండో సెట్టు. ఒకటి... రెండు... మూడు.

ఈసారి ఎత్తడం గురించి. బార్ పాదం మధ్యకి సరిగ్గా పైన ఉండాలి, వేళ్ళ ముందు కాదు. నిండు గ్యాస్ బండ ఎత్తడం గుర్తు తెచ్చుకోండి. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 దాకా ఉంటుంది. దాన్ని దూరంగా పెట్టుకుని వంగి లాగినవాడికి సాయంత్రానికల్లా నడుము పట్టేస్తుంది. కాళ్ళ మధ్యకి తెచ్చుకుని, పిర్రలు వెనక్కి నెట్టి, వెన్ను నిటారుగా ఉంచి లేపేవాడికి ఏమీ కాదు. ఇక్కడా అదే. తుంటి దగ్గర మడవండి, నడుము దగ్గర కాదు. గాలి పొట్టలోకి పీల్చి బిగబట్టి లేపండి, పైకొచ్చాక వదలండి. బీపీ ఉన్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈ మధ్యే కాన్పు అయినవాళ్ళు ముందు డాక్టర్ని అడగాల్సిందే. ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

ఇంకోటి, బార్ నేల వదిలేటప్పుడు నింపాదిగా లాగకండి. బరువు ఎక్కువై బార్ మెల్లగా కదిలినా సరే, మీ మనసులో మాత్రం వేగంగా లేపుతున్నట్టే ఉండాలి. ఆ ప్రయత్నమే నరాలకి పాఠం.

మూడో సెట్టు. ఒకటి... రెండు... మూడు. ఇది కొంచెం గట్టిగా అనిపించింది, నిజం చెప్పాలంటే. రాత్రి నిద్ర సరిపోలేదు.

ఎంత బరువు పెట్టాలి అంటే, లెక్కలేం వద్దు. సరైన ఫారంతో, అంటే ఇందాక చెప్పిన ఎత్తే పద్ధతి చెడకుండా, ఆరు రెప్స్ వచ్చి ఏడోది రాని బరువు చూసుకోండి. ఆ బరువుతో మూడే చెయ్యండి. వారానికి 2.5 కిలోలు పెంచండి, పెరగని వారం అలాగే ఉంచండి. భుజాల దగ్గర్నుంచి తల పైకి లేపే ప్రెస్‌లో అయితే ఇంకా మెల్లగా. గల్లీ జిమ్ముల్లో బార్ మీద బరువు రాసి ఉండదు, "ఇరవై అన్నా" అంటారు. నేనొకసారి కాటా మీద పెట్టి చూస్తే 14 వచ్చింది. మీరూ ఓసారి తూచుకోండి. అసలు బరువులే ముట్టుకోనివాళ్ళు మాత్రం రెండు నెలలు తేలికవాటితో ఫారం నేర్చుకుని అప్పుడు ఇటు రండి.

ఖాళీ టైం తగ్గించకండి. బరువైన సెట్టుకి కండలో ఫాస్ఫోక్రియేటిన్ అనే ఇంధనం ఖర్చవుతుంది, అది చాలావరకు తిరిగి నిండడానికి మూడు నిమిషాలు పడుతుంది. నిమిషంలోపే మళ్ళీ ఎత్తితే అలసటలో ఎత్తుతున్నట్టు.

నాలుగో సెట్టు. ఒకటి... రెండు... మూడు.

"ఆడవాళ్ళం బరువులెత్తితే మగాళ్ళలా అయిపోమా?" అని మా పిన్ని కూడా అడిగింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో దిగి క్లీన్ అండ్ జర్క్‌లో, అంటే బార్‌ని ముందు భుజాలకి తెచ్చి అక్కణ్ణుంచి తల పైకి లేపే పద్ధతిలో, 115 కిలోలు ఎత్తింది. తన బరువుకి రెండింతల పైన! మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో, ఒకే ఊపులో తల పైకి లేపే స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కలిపి 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. ఈ వెయిట్‌లిఫ్టింగ్ ఆటలో ఒంటి బరువు గీత దాటితే ఆ విభాగంలో ఎత్తనివ్వరు. అందుకే ఉన్న ఒంట్లోంచే బలం పిండుకోవడం వాళ్ళకి తప్పనిసరి.

అలాగని ఒక్క గ్రాము కండ కూడా పెరగదని నేను చెప్పను. తొడల్లో, వీపులో కొంచెం గట్టిదనం వస్తుంది. అది వద్దనుకుంటే బలమూ వద్దనుకోవాలి. ఒళ్ళు ఎంత పెరుగుతుందన్నది చాలావరకు తిండి మీద ఉంటుంది. వారానికోసారి పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. పెరుగుతుంటే అన్నం ఓ గరిటె తగ్గించండి, పప్పూ గుడ్లూ మాత్రం తగ్గించకండి. బలం కోసం క్రియేటిన్ పొడి వేసుకునేవాళ్ళకి ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు, అది చాలావరకు నీరే, కంగారు పడొద్దు.

వారానికి మూడు రోజులు చాలు. ఒక రోజు ఇది, ఒక రోజు స్క్వాట్, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, ఒక రోజు ప్రెస్సూ పుల్‌అప్సూ. జిమ్ము లేనివాళ్ళు వంద బస్కీలు తీయకండి, అది దమ్ము పెంచుతుంది. ఒంటికాలి మీద, కుర్చీ పట్టుకుని, మూడు తీయండి. అది తేలికైపోతే కుర్చీ వదిలేయండి.

ఐదోది. ఒకటి... రెండు... మూడు.

అయిపోయింది. ప్లేట్లు తీసి స్టాండుకి పెట్టేస్తున్నా. చెమట కూడా సరిగ్గా పట్టలేదు, టవలు తెచ్చింది దండగ.