ప్యాకేజీ రేటు పెంచమని అడిగే ముందు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, మా గుంటూరు కొత్తపేటలోనైనా ఒక పెద్ద ఆస్పత్రి, దానికి నాలుగు అడుగుల దూరంలో 20 పడకల నర్సింగ్ హోమ్ కనిపిస్తాయి. గాల్‌బ్లాడర్ రాళ్లకు రెండుచోట్లా చేసేది అదే ఆపరేషన్. బీమా కంపెనీ ఇచ్చే ప్యాకేజీ, అంటే ఆపరేషన్ మొత్తానికి కలిపి ముందే ఒప్పుకున్న రేటు, మాత్రం ఒకటి కాకపోవచ్చు. చిన్న ఆస్పత్రి కదా అని మత్తు డాక్టరు ఫీజు తగ్గదు, కుట్లు వేసే దారం ధర తగ్గదు.

నేను అలాంటి చిన్న ఆస్పత్రి నడుపుతున్నాను. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల నెట్‌వర్క్ లిస్టులో పేరుంటే చాలు, పేషెంట్లు వస్తారు అనుకుని, కంపెనీ పంపిన రేట్ల మీద ఏళ్ల తరబడి సంతకం పెట్టాను. ఒకరోజు అకౌంట్స్ చూసే అమ్మాయి కాగితం ముందు పెట్టి, "సార్, ఈ కేసుల్లో మనకు మిగలడం లేదు, చేతినుంచి పడుతోంది" అంది. టెన్షన్‌తో టీపీఏ ఆఫీసుకు వెళ్లి బతిమాలాను. మర్యాదగా విన్నారు, పంపించేశారు. టీపీఏ క్లెయిము ఫైళ్లు చూసే మధ్య సంస్థ. డబ్బు ఇచ్చేది బీమా కంపెనీ. అడగాల్సింది అక్కడ.

రెండోసారి లెక్కతో వెళ్లాం. మేము ఎక్కువగా చేసే 10 ఆపరేషన్లకు విడివిడిగా ఖర్చు రాశాం. నర్సుల జీతం, జనరేటర్ డీజిల్, ఆస్పత్రి వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకు కట్టేది కూడా వదల్లేదు. తర్వాత డిడక్షన్లు, అంటే మా బిల్లులో కంపెనీ పెట్టిన కోతలు చూశాం. ఒప్పుకున్నది 45,000 అనుకోండి, చేతికి వచ్చింది 41,000 అయితే మన అసలు రేటు 41,000 మాత్రమే. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇదే. ఎందుకంటే ఆ కోతల్లో చాలావాటికి కారణం మేమే. డిశ్చార్జ్ సమ్మరీలో టైము రాయలేదు, కంట్లో పెట్టిన లెన్స్ స్టిక్కర్ ఫైలులో అంటించలేదు. అవి సరిచేసుకున్నాక, ఎవరినీ అడక్కుండానే కొంత డబ్బు నిలబడింది.

ఇది డాక్టర్ల గొడవ, మాకెందుకు అనుకోవద్దు. పేషెంటు బదులు బీమా కంపెనీయే ఆస్పత్రికి కట్టే క్యాష్‌లెస్ వైద్యానికి అనుమతి గంటలోగా, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లోగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో చెప్పింది. మంచి నిబంధనే. కానీ రేటు గిట్టక మీ పేట ఆస్పత్రి లిస్టులోంచి తప్పుకుంటే, అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చిన మీరు ముందు డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పట్టుకుని తిరగాల్సి రావచ్చు. అలాగని రేటు చాలలేదని, ప్యాకేజీలో ఉన్నదానికే పేషెంటు దగ్గర విడిగా వసూలు చేయడం నేను ఒప్పుకోను. అలా అడిగితే రసీదు ఇమ్మనండి.

ఒప్పందం గడువు తీరడానికి 3 నెలల ముందే ఉత్తరం పెట్టాం. ఇన్‌ఫెక్షన్లు ఎన్ని వచ్చాయో, పేషెంటు ఎన్ని రోజులకు ఇంటికి వెళ్లాడో కూడా జత చేశాం. 10లో 4 ఆపరేషన్లకు రేటు పెంచారు. మిగిలిన 6 ఆపరేషన్ల లెక్క ఈ ఏడాది మళ్లీ రాస్తున్నాం.

నమస్కారం.