డెఫ్ స్కూల్లో పిల్లలందరూ ఒకటేనా?

అందరికీ నమస్కారం. డెఫ్ స్కూళ్లు, అంటే చెవులు వినపడని పిల్లల బళ్ళ గురించి మాట్లాడమంటే ఎవరైనా హియరింగ్ ఎయిడ్స్, కాక్లియర్ ఇంప్లాంట్, సైన్ లాంగ్వేజ్ వీటి దగ్గరే మొదలుపెడతారు. నేను ఇవాళ ఆ పిల్లలు ఏ ఇళ్ల నుంచి వస్తున్నారు, ఏ జాతి వాళ్ళు, ఇంట్లో ఏం మాట్లాడతారు, స్కూల్ గేటు దాటాక వీటన్నిటినీ ఎవరైనా పట్టించుకుంటున్నారా అనేది మాట్లాడదామనుకుంటున్నా. ఎక్కువగా అమెరికా సంగతే చెప్తాను, అక్కడ ఇదంతా రికార్డుల్లో ఉంది కాబట్టి.

"మా దగ్గర నలుపు తెలుపు ఏం లేదండీ, అందరూ డెఫ్ పిల్లలే" అనే మాట మీరూ వినే ఉంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ వాషింగ్టన్‌లో గాలాడెట్ అనే డెఫ్ వాళ్ళ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న కెండాల్ స్కూల్ నుంచి 1905లో నల్లజాతి పిల్లల్ని తీసేసి బాల్టిమోర్ పంపించేశారు. ఉన్న ఊళ్ళోనే బడి ఉంది, అయినా చిన్న చిన్న పిల్లలు అమ్మానాన్నల్ని వదిలేసి వేరే రాష్ట్రం పోవాలి. ఇలా దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. 1952లో లూయిస్ మిల్లర్ అనే తల్లి, ఇంకొంతమంది తల్లిదండ్రులు కోర్టుకెళ్ళి గెలిచారు, గెలిచాక ఏం చేశారయ్యా అంటే అదే క్యాంపస్‌లో నల్లపిల్లలకి విడిగా ఇంకో బడి పెట్టారు, పోనీ చదివినందుకు డిప్లొమాలైనా ఇచ్చారా అంటే అదీ లేదు. 2023లో గాలాడెట్ తప్పు ఒప్పుకుని ఆ విడి బడిలో చదివిన 24 మందికి డిప్లొమాలు ఇచ్చింది, అప్పటికి వాళ్ళలో చాలామంది పోయారు. నాకు ఇది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇంకో సంగతుంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో డెఫ్ పిల్లల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సభ (మిలాన్ కాంగ్రెస్) తర్వాత తెల్లపిల్లల డెఫ్ స్కూళ్లలో సైగలు మాన్పించి నోటితో మాట్లాడించడం మీద పడ్డారు, నల్లపిల్లల బళ్ళని అంతగా పట్టించుకున్నవాళ్ళు లేరు కాబట్టి అక్కడ సైగలు బతికిపోయాయి. అలా బ్లాక్ ఏఎస్ఎల్, అంటే అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో నల్లజాతి డెఫ్ వాళ్ళ యాస, తయారైంది, రెండు చేతులూ ఎక్కువ వాడతారు, చేతులు విశాలంగా కదుపుతారు, కొన్ని సైగలు నుదురు దగ్గరే చేస్తారు. కెరొలిన్ మెక్‌కాస్కిల్ అనే డెఫ్ ఆవిడ పెద్దయ్యాక ప్రొఫెసర్ అయ్యి దీని మీదే రీసెర్చ్ చేశారు. 1968లో అలబామాలో నల్లపిల్లల బడి నుంచి తెల్లపిల్లలు చదివే డెఫ్ స్కూల్‌కి మారినప్పుడు ఆవిడకి టీచర్ల సైగలు అర్థం కాలేదు. తను ఇన్నాళ్ళూ చేసిన సైగలే తప్పేమో అనుకుని వాళ్ళ సైగలు నేర్చుకోవాల్సి వచ్చింది. నిజానికి పాత పద్ధతిని నిలబెట్టింది నల్లపిల్లలే!

ఇప్పుడు వేరే బిల్డింగులు లేవు, అది సంతోషం. కానీ డెఫ్ పిల్లల్లో నూటికి తొంభైకి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు, అందులో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లాడి సంగతి చూడండి, బడిలో సైన్ లాంగ్వేజ్, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంటికెళ్తే ఆ రెండూ రాని అమ్మ. భోజనాల దగ్గర అందరూ ఏదో చెప్పుకుని నవ్వుతుంటారు, వాడు వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటాడు. అమ్మ నేర్చుకుందామని వస్తే సైన్ క్లాసు చెప్పేది ఇంగ్లీషులో. మీటింగుల్లో అయితే చాలాచోట్ల వినగలిగే అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టి చెప్పించేస్తారు, తమ్ముడి చదువు గురించి టీచర్ చెప్పే కష్టమైన మాటలు ఆ పిల్ల అమ్మకి ఎలా చెప్తుందండీ? అక్కడి చట్టం ప్రకారమే స్కూల్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలి. టెక్సాస్‌లో అయితే స్పానిష్, ఇంగ్లీష్, సైన్ మూడూ వచ్చిన ఇంటర్‌ప్రెటర్లకి వేరే సర్టిఫికేషనే ఉంది, అంటే చెయ్యాలనుకుంటే అవుతుంది.

అందుకని స్కూళ్ళు నడిపేవాళ్ళని నేనడిగేది, పిల్లాడు చేరిన రోజే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాసుకోండి, అమ్మానాన్నలకి సైన్ క్లాసు వాళ్ళ భాషలోనే పెట్టండి, పనులకెళ్ళేవాళ్ళకి కుదిరేలా సాయంత్రం పెట్టండి, అమ్మమ్మల్ని కూడా రమ్మనండి. టీచర్లని తీసుకునేటప్పుడు ఆ పిల్లల జాతుల నుంచే వచ్చిన డెఫ్ టీచర్ల కోసం గట్టిగా వెతకండి, ముందు వాళ్ళనే పిలవండి.