బెంగళూరులో మనవాళ్లు నిర్లక్ష్యానికి బలైతే: ఆ సంతకం పెట్టే ముందు

(కెమెరాకు ఎదురుగా)

నమస్కారం. మార్చురీ బయట నిలబడ్డ కుటుంబం దగ్గరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకొస్తారు. "మూడు లక్షలు ఇప్పిస్తాం, సంతకం పెట్టేయండి, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతారు?" అంటారు. ఆ వచ్చినవాడు లారీ ఓనరు మనిషి కావచ్చు, కాంట్రాక్టర్ మేనేజర్ కావచ్చు, పెద్దమనిషిగా మధ్యలో దూరిన మన ఊరాయనే కావచ్చు. ఎవరైనా సరే, ఆ రోజు సంతకం పెట్టకండి. ఎందుకో లెక్కతో చెప్తాను.

(తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా)

మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్న 32 ఏళ్ల క్యాబ్ డ్రైవర్ ఉన్నాడనుకుందాం. బైక్ మీద ఇంటికెళ్తుంటే లారీ గుద్దింది. ఖర్చులు పోను నెలకు 30,000 సంపాదించేవాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.

ఏడాదికి 3,60,000. సొంతంగా సంపాదించుకునేవాళ్లు 40 ఏళ్లలోపువాళ్లయితే, ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే 5,04,000. ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి, ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది 3,78,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 31 నుంచి 35 ఏళ్ల వయసుకు దాన్ని 16తో గుణించాలి. మొత్తం 60,48,000 రూపాయలు.

భార్యకు, పిల్లలకు, తల్లికి ఆ తోడు పోయినందుకు ఇచ్చేది, అంత్యక్రియల ఖర్చు, వడ్డీ దీనికి అదనం. మూడు లక్షల కాగితం ఏపాటిదో మీరే చూడండి.

ఇంకో మాట. ఈ డబ్బు లారీ ఓనరు ఇల్లమ్మి కట్టేది కాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే బీమా కంపెనీయే కడుతుంది. "పాపం, వాళ్లూ పేదవాళ్లే" అని మొహమాటపడి పిల్లల హక్కు వదులుకోకండి. పోయింది ఇల్లు చూసుకునే తల్లి అయినా, జీతం లేదు కదా అని కోర్టు సున్నా వేయదు. ఆమె చాకిరీకీ విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021లో మళ్లీ స్పష్టంగా చెప్పింది.

(తెర మీద: పోలీసు కేసు, పరిహారం కేసు)

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెట్టేది పోలీసులు. శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. మీరు రాజీ అని రాసిచ్చినంత మాత్రాన అది ఆగదు. బలహీనపడేది మీ పరిహారం కేసే. ఒకవేళ డ్రైవర్ క్రిమినల్ కేసులో బయటపడ్డా, పరిహారం కోర్టు తన ముందున్న సాక్ష్యాన్ని విడిగా చూస్తుంది. కొట్టేశారంట కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

"మేముండేది అనంతపురంలో, బెంగళూరు కోర్టుకు ఎన్నిసార్లు రాగలం?" ఈ భయంతోనే చాలామంది వెనక్కి తగ్గుతారు. రోడ్డు ప్రమాదమైతే ఆ భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, మీరు నివసించే జిల్లాలో ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు, అంటే ట్రిబ్యునల్‌లోనే కేసు వేయొచ్చు. ఇక్కడే వేస్తామంటే బెంగళూరులో స్మాల్ కాజెస్ కోర్టులో వేయాలి. గడువు మాత్రం గుర్తుంచుకోండి: 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలలే. ఈ గడువు మీద సుప్రీంకోర్టు దాకా వివాదం వెళ్లింది కాబట్టి, దాటిపోయినా లాయర్‌ని అడగకుండా వదిలేయకండి. గుద్దిన బండి దొరక్కపోయినా కేంద్రం పథకం కింద రెండు లక్షలు వస్తాయి.

(తెర మీద: కాగితాలు)

దుఃఖంలో ఉన్నవాళ్లను కాగితాలు అడగడం కష్టంగానే ఉంటుంది. అందుకే ఈ పని బావమరిదికో, స్నేహితుడికో అప్పగించండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అది కన్నడలో ఉంటుంది, అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో అక్షరం అక్షరం చదివించుకోండి. బండి నంబరు, సమయం, ఎటువైపు వెళ్తుండగా జరిగింది, ఈ మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా స్టేషన్‌లో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఆ పక్క షాపు సీసీటీవీ ఫుటేజీ రోజుల్లోనే చెరిగిపోతుంది, దాన్ని భద్రపరచమని పోలీసులను అదే రోజు అడగండి. శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. ఊళ్లో తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కట్ అయిన ఎంట్రీ ఉందేమో చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా కావచ్చు, రెండు లక్షలు విడిగా వస్తాయి.

(కెమెరాకు ఎదురుగా)

రోడ్డు ప్రమాదం కాకపోతే దారులు వేరు. ఆసుపత్రి నిర్లక్ష్యమైతే ముందు కేస్ షీటు, అంటే చికిత్స వివరాల రికార్డు కోసం రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడటం కష్టం. తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, పోలీసులు ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలని 2005లో సుప్రీంకోర్టు గీత గీసింది. నా ఉద్దేశంలో డబ్బు కట్టి చేయించుకున్న వైద్యానికి వినియోగదారుల కమిషనే మేలు. గడువు రెండేళ్లు, మీ సొంత జిల్లాలోనూ వేయొచ్చు.

కరెంటు తీగ తెగిపడి చనిపోతే "మా తప్పేం లేదు" అని విద్యుత్ సంస్థ తప్పించుకోలేదు. తప్పు ఉన్నా లేకున్నా బాధ్యత దానిదేనని 2002లోనే తీర్పు వచ్చింది. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలో కారు మునిగి ఆంధ్ర నుంచి వచ్చిన 22 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చనిపోయింది. ప్రభుత్వం ఐదు లక్షలు ప్రకటించింది. అలాంటి ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన దావా హక్కు పోదు. ప్రభుత్వ సంస్థ తప్పు స్పష్టంగా కనిపిస్తుంటే హైకోర్టులో రిట్, అంటే ఆ సంస్థ మీద నేరుగా పిటిషన్ వేయొచ్చు. లేదంటే 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద రెండేళ్లలోపు సివిల్ దావా వేయాలి. దానికి మీరు అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది.

సైటు మీద పనిచేస్తూ చనిపోతే యజమాని తప్పును రుజువు చేయక్కర్లేదు, పనిలో ఉండగా జరిగిందని చూపిస్తే చాలు. మేస్త్రీ కింద కూలికి వెళ్లినా అసలు పని ఇచ్చిన సంస్థ బాధ్యత పోదు.

చివరిగా లాయర్ల విషయం. "ఇప్పుడేం ఇవ్వక్కర్లేదు, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి" అంటూ ఆసుపత్రి దగ్గరే వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకం అడిగేవాళ్లుంటారు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్లినా సరే. చనిపోయినవారి భార్య పేరు మీద దరఖాస్తు పెడితే జీతం స్లిప్పు అడగరు.